కుక్కలు సున్నా, కోతులు ఇరవై అయిదు

మా నాగరవలస మున్సిపాలిటీలో వీధికుక్కలు లేవు. ఈ మాట అంటున్నది నేను కాదు, మా వెబ్‌సైట్. నా మాటైతే మీరు నమ్మనక్కర్లేదు, నేను మామూలు జూనియర్ అసిస్టెంటుని, పేరు పిన్నింటి గౌరీశ్వరరావు. వెబ్‌సైట్ మాట మాత్రం నమ్మి తీరాలి. దానికి ఉత్తర్వు ఉంది.

ఆ ఉత్తర్వు పోయిన ఏడాది రాజధాని నుంచి వచ్చింది. మున్సిపాలిటీలన్నీ ఒకే అచ్చులో వెబ్‌సైట్లు పెట్టాలట. పేజీల చట్రం ఒక కంపెనీ తయారు చేసి ఇస్తుంది, మనం గడుల్లో సమాచారం నింపితే చాలు. ఒకచోట నింపిన అంకె ఆరోగ్య కేంద్రానికి, నీళ్ళ విభాగానికి, పన్నుల విభాగానికి, అందరి కంప్యూటర్లలోకీ దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది. ఇంతవరకూ బాగానే ఉంది. మూడో పేరాలో ఇలా ఉంది: "వెబ్‌సైటునందలి సమాచారమే అంతిమ ప్రామాణికము. క్షేత్రస్థాయి వాస్తవములకును వెబ్‌సైటునకును వ్యత్యాసము గోచరించిన యెడల, క్షేత్రస్థాయిని తదనుగుణముగా సరిచేయవలెను." రెండుసార్లు చదివాను, అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు, కింద సంతకం కూడా ఉంది.

గడువు ఏడు రోజులు. మా కమిషనర్ గారు వెంటనే ప్రణాళికా సమావేశం పెట్టారు. మొదటి నాలుగు రోజులూ హోమ్ పేజీలో ఆయన ఫోటో కుడి వైపు చూడాలా, ఎడమ వైపు చూడాలా అన్నదాని మీద చర్చ నడిచింది. కుడి వైపు చూస్తే మెనూ వైపు చూసినట్టుంటుందని, ఎడమ వైపు చూస్తే ఊరికి వీపు పెట్టినట్టుంటుందని అభిప్రాయాలు వచ్చాయి. చివరికి పైకి చూస్తున్న ఫోటో పెట్టారు. అయిదో రోజు పైన పరిగెత్తే అక్షరాలకి రంగు కుదిరింది. ఆరో రోజంతా ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఎక్కడ కట్టాలన్న సమస్య. కంప్యూటర్‌కి కట్టారు.

ఏడో రోజు భోజనాలయ్యాక చూస్తే నాలుగువందల పన్నెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పేజీ ముందుకు కదలదు. మా మేనేజర్ దాలినాయుడు గారు తాంబూలం బుగ్గన పెట్టుకుంటూ, "తెలీని చోటల్లా సున్నా కొట్టుకుంటూ పోవయ్యా. తరవాత చూసుకుందాం," అన్నారు.

కొట్టాను. బావులు సున్నా, పార్కులు సున్నా, సినిమా హాళ్ళు సున్నా. మా ఆఫీసు ఎదురుగానే ఉన్న హాల్లో ఆ మధ్యాహ్నం ఆట మొదలైన గంట కూడా వినబడింది, అయినా సున్నానే. వీధికుక్కలు సున్నా. కోతుల గడిలో మాత్రం ఎలా నింపాలో చూపించడానికి కంపెనీ వాళ్ళు నమూనాగా 25 అని ముందే వేసి ఉంచారు. మా ఊళ్ళో కోతులు లేవు. నిండి ఉన్న గడిని కెలకడం ఎందుకని వదిలేశాను. సాయంత్రం అయిదింటికి కమిషనర్ గారు రిబ్బన్ కత్తిరించి, మౌస్ నొక్కారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ నొక్కుడుతో మా ఊరు ఖరారైపోయింది. అక్కణ్ణుంచి మేం నింపిన ఏ అంకె పెంచాలన్నా నాలుగు మెట్లు. నేను డ్రాఫ్ట్ పెట్టాలి, మేనేజర్ సమీక్షించాలి, కమిషనర్ ఆమోదించాలి, రాజధానిలో ప్రచురించాలి. తగ్గించాలంటే మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. తగ్గడమంటే ప్రగతి అని కంపెనీ వాళ్ళు అనుకున్నారట.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం నేను ఆఫీసుకొచ్చేసరికి మెట్ల మీద పారమ్మ కూర్చుని ఉంది. మా ఆవరణ ఊడ్చే మనిషి. పిక్కకి చీర చెంగు చింపి కట్టుకుంది, గుడ్డ మీద నెత్తురు.

"బాబూ, కమిసనరు గారి జీపు కిందన కుక్క తొంగుంది. నాను సూడనేదు, సీపురెట్టీసినాను. కరిసేసింది. సూదేయించుకుందామని ఎల్తే ఆ మేడం నేదంతంది."

"ఏం లేదంటోంది, మందా?"

"మందుంది బాబూ. కుక్క నేదంట."

మున్సిపల్ ఆరోగ్య కేంద్రం మా ఆఫీసు వెనకాలే. పారమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఫార్మసిస్టు శశిరేఖ గారు మంచిమనిషి. ఫ్రిజ్ తలుపు తీసి చూపించారు. కుక్కకాటు మందు సీసాలు వరసగా ఉన్నాయి. తరవాత కంప్యూటర్ నా వైపు తిప్పారు. 'కరిచిన జంతువు' అని ఉంది. పక్కనున్న బాణం గుర్తు నొక్కితే ఊళ్ళో ఉన్న జంతువుల జాబితా రావాలి. సున్నా ఉన్న జంతువు అందులోకి రాదు. జాబితాలో ఒక్కటే పేరు వచ్చింది: కోతి.

"జంతువు పేరు పడకపోతే సీసా విడుదల కాదండీ. లెక్కలో లేని సీసా వాడితే నా ఉద్యోగం పోతుంది. జిల్లా ఆసుపత్రికి పంపుదామా అంటే అక్కడా ఇదే కంప్యూటరు. ఏ ఊరని అడుగుతుంది, నాగరవలస అనగానే కుక్క మాయమైపోతుంది," అన్నారు శశిరేఖ గారు. బయట కొందామన్నా లేదు. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే సరుకుని ఊళ్ళో మందుల షాపులవాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి కాపలా కాయరు.

"మా మేనత్త కొడుకు ఇలగే సూదేయించుకోనేదు బాబూ. రెండు నెలలు బాగానే తిరిగినాడు. ఆఖర్న గలాసుడు నీళ్ళు సూసి కేకలెట్టి, మంచానికి కట్టీసినారు. అలగే పోనాడు," అంది పారమ్మ. మామూలు గొంతుతోనే అంది గానీ, చెయ్యి మాత్రం ఆ కట్టు మీంచి తియ్యలేదు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి డ్రాఫ్ట్ పెట్టాను. దాలినాయుడు గారు సమీక్షకు కూర్చున్నారు.

"సున్నా తీసేసి ఎంత వేస్తావు?"

"లెక్క తెలీదు సార్. ప్రస్తుతానికి ఒకటి వేద్దాం. ఆ జీపు కిందది."

"లెక్క తెలీకుండా సున్నా ఎలా తీసేస్తావయ్యా?"

"లెక్క తెలీకుండానే వేశాం కదా సార్!"

"వెయ్యడం వేరు, తియ్యడం వేరు. సర్వీసులో ఇన్నేళ్ళొచ్చాయి, ఆపాటి తెలీదా?" అని నన్ను కమిషనర్ గారి గదిలోకి తీసుకెళ్ళారు.

కమిషనర్ గారు విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "మిస్టర్ గౌరీశ్వరరావ్, డేటా అనేది ఒక పవిత్రమైన వ్యవస్థ. ఒక ఇండివిడ్యువల్ పిక్క కోసం మనం బేస్‌లైన్ కదపలేం. పైగా రాష్ట్రస్థాయిలో 'శునకరహిత పట్టణం' పురస్కారానికి మన పేరు పరిశీలనలో ఉంది. ఈ స్టేజిలో సున్నా నుంచి ఒకటికి వెళ్ళడం అంటే, శాతాల్లో చూస్తే అది అనంతమైన పెరుగుదల."

కిటికీ కింద కుక్క మొరిగింది.

"ఆ కిటికీ వెయ్యండి," అన్నారు. వేశాం. "ఉత్తర్వు క్లియర్‌గా ఉంది కదా. తేడా వస్తే క్షేత్రస్థాయిని సరిచెయ్యాలి. మీరు వెబ్‌సైట్ని పట్టుకుని లాగుతున్నారేం? ఆవిణ్ణి సరిచెయ్యండి."

ఆవిణ్ణి ఎలా సరిచెయ్యాలో ఆ పూట నాకు తోచలేదు. మర్నాడు పొద్దున్న తోచింది. పారమ్మని తీసుకుని మళ్ళీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, "కోతి అని నొక్కండి," అన్నాను.

"కోతేటి బాబూ! నానెప్పుడూ కోతిని టీవీలోనే సూసినాను," అంది పారమ్మ. కాసేపు ఆలోచించింది. "కోతని రాసేత్తే ఆ మందు కుక్కకి పన్జేత్తదా?"

"రెంటికీ ఒకటే మందమ్మా," అన్నారు శశిరేఖ గారు.

"అయితే రాసీండి. కోతే అనుకుంతాను."

మొదటి సూది పడింది. మూడో రోజున రెండోది, ఏడో రోజున ఇంకోటి, పద్నాలుగో రోజున నాలుగోది, ఇరవయ్యెనిమిదో రోజున ఆఖరిది. శశిరేఖ గారు ఈ తేదీలన్నీ చీటీ మీద రాసి ఇచ్చారు. పారమ్మకి చదువు రాదు. ఆ చీటీని మాత్రం నోట్ల కంటే భద్రంగా దోపుకుంది.

రెండో సూది పడిన మర్నాడు ఆ కుక్క జీపు కిందే చచ్చి పడి ఉంది, నోటి చుట్టూ నురగ. ఎత్తి పారేద్దామంటే శానిటరీ ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్‌లో కుక్క అన్న పద్దు లేదు. 'గుర్తుతెలియని బరువు - ఒకటి' అని రాసి ట్రాక్టరెక్కించారు. ఈ సంగతి చెప్పగానే శశిరేఖ గారి మొహం మారిపోయింది. పారమ్మ వినకుండా నన్ను పక్కకి పిలిచారు. "ఇక ఒక్క సూది కూడా తప్పకూడదండీ. అయిదూ పడాలి. ఈ జబ్బు వచ్చాక మందు లేదు." ఆ గడిలో సున్నా కొట్టిన వేలు నాదే.

కోతి కిటుకు ఊళ్ళో పాకిపోయింది. కుక్క కరిచిన ప్రతివాడూ వచ్చి కోతి కరిచిందన్నాడు. పాలు పోసే ఆయన, పోస్ట్‌మాన్, ఓ తెలుగు మాస్టారు. మాస్టారు మొదట శునకమని చెప్పి, శశిరేఖ గారు కళ్ళతో సైగ చేశాక మర్కటమన్నారు. రెండు వారాల్లో కోతికాట్లు తొంభై ఒకటి. ఆ అంకె దానంతటదే వెబ్‌సైట్‌కి ఎక్కింది, అక్కణ్ణుంచి రాజధానికి వెళ్ళింది, అక్కడ మా ఊరు పటంలో ఎర్రగా వెలిగింది. వెంటనే మళ్ళీ సమావేశం.

"ఇరవై అయిదు కోతులు, తొంభై ఒక్క కాట్లు. అంటే ఒక్కో కోతి సగటున మూడున్నర మందిని కరిచింది," అన్నారు కమిషనర్ గారు, గోడ మీద బొమ్మ వేసి చూపిస్తూ. "ఇది మామూలు బిహేవియర్ కాదు. దీని వెనక ఒక ప్లానింగ్ ఉంది."

ప్లానింగ్ అనే మాట విని దాలినాయుడు గారు రాసుకున్నారు. 'మర్కట నియంత్రణ మహా కార్యక్రమం' పుట్టింది. దానికో కమిటీ, కమిటీకో పేజీ, పేజీ పైన మళ్ళీ పైకి చూస్తున్న ఫోటో. కోతులు పట్టే కాంట్రాక్టరు అప్పన్న బోన్లతో, అరటిపండ్ల గెలలతో దిగాడు. మూడు రోజులు వీధి వీధీ తిరిగాడు. నాలుగో రోజు గెలలు మిగలక, తిరిగొచ్చి కమిషనర్ గారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"కోతుల్నేవు సార్. కుక్కలు మాత్రం సేనా ఉన్నాయి. పళ్ళు అయ్యే తినీసినాయి."

"కుక్కల విషయం మనకు సంబంధం లేదు, అవి లేవు," అన్నారు కమిషనర్ గారు. "రికార్డు ప్రకారం ఇరవై అయిదు కోతులున్నాయి. ఇరవై అయిదు పట్టాలి. క్షేత్రస్థాయిలో దొరక్కపోతే అది క్షేత్రస్థాయి లోపం. సరిచెయ్యి."

అప్పన్న తెలివైనవాడు. సరిచేశాడు. పాతిక మైళ్ళ అవతల కొండ మీద ఇరవై అయిదు కోతుల్ని పట్టి, లారీలో తెచ్చి, హైస్కూలు మైదానంలో వదిలాడు. విలేకరులు వచ్చారు, ఫోటోలు తీశారు, వదిలిన వాటిని అప్పన్న మళ్ళీ పట్టుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఇరవై మూడు దొరికాయి. రెండు మా ఆఫీసు పై కప్పెక్కి, సోలార్ పలకల మీద కూర్చున్నాయి. దాంతో నాగరవలసలో చరిత్రలో మొదటిసారి కోతులు ఉన్నాయి.

"ఇప్పుడు సున్నా చెయ్యి," అన్నారు కమిషనర్ గారు నాతో. "తగ్గించడానికి అనుమతి అక్కర్లేదు కదా."

"సార్, పారమ్మకి ఆఖరి సూది ఒకటి మిగిలుంది. ఎల్లుండే. కోతి కూడా పోతే ఆమెకి మందు రాదు సార్. ఆ కుక్క నురగ కక్కి చచ్చింది సార్. రెండు రోజులు ఆగుదాం."

"కోతులే లేనప్పుడు ఆవిడకి భయం దేనికయ్యా?"

ఈ మాట ఆయన నిజంగానే అన్నారు. నవ్వుతూ కాదు, దయగా అన్నారు. వెయ్యకపోతే ఈ పూటే ఇంటికి పంపిస్తామని దాలినాయుడు గారు నా చెవిలో అన్నారు. మళ్ళీ నా వేలే. కోతులు సున్నా. మర్నాడు పేపర్లో నాగరవలస రెండు సున్నాల పట్టణం అని పెద్ద అక్షరాలతో వచ్చింది. నేను దాన్ని మడిచి టేబులు కింద పారేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇరవయ్యెనిమిదో రోజు పొద్దున్న పారమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చీటీ పట్టుకుని వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో శశిరేఖ గారు నాకోసమే చూస్తున్నారు. కంప్యూటర్లో జాబితా ఖాళీ అవుతుందనుకున్నాం. కాలేదు. కంపెనీ వాళ్ళ చట్రం ఖాళీగా ఉండటానికి ఒప్పుకోదు కదా. ఊళ్ళో సున్నా కాని ప్రాణి ఇంకేముందా అని తనే వెతుక్కుని, జనాభా పేజీలోంచి ఒకటి తెచ్చి పెట్టుకుంది.

"కరిచింది, మనిషి," అని చదివారు శశిరేఖ గారు.

"మనిసే రాయండి మేడం," అంది పారమ్మ వెంటనే. "కుక్క ఒక్కపాలే కరిసింది. ఆ తరవాత నెల్లాళ్ళూ కరిసినోలు మనుసులే కదా."

శశిరేఖ గారు నవ్వబోయి, పారమ్మ మొహం చూసి ఆగిపోయారు. మనిషి అని నొక్కగానే కింద కొత్త గడులు తెరుచుకున్నాయి. కరిచిన వ్యక్తి పేరు. కరిచిన వ్యక్తి ఆధార్ నంబరు. రెండూ సరిపోతేనే సీసా విడుదలవుతుంది.

"ఎవరని రాయను?" అన్నారు శశిరేఖ గారు.

నా బుర్రలోకి చాలా పేర్లు వచ్చాయి. పైకి చూసే ఫోటో వచ్చింది, తాంబూలం బుగ్గ వచ్చింది, రాజధానిలో సంతకం పెట్టిన చెయ్యి వచ్చింది. వాళ్ళెవరి నంబరూ నాకు తెలీదు. తెలిసినా చెప్పే ధైర్యం ఉండేదా అంటే, ఉండేది కాదు. నాకు కంఠతా వచ్చిన ఆధార్ నంబరు ఒక్కటే.

"నాది రాయండి," అని పన్నెండు అంకెలూ చెప్పాను.

కంప్యూటర్ కాస్త ఆలోచించి పచ్చగా వెలిగింది. సీసా బయటకి వచ్చింది. అయిదో సూది పడింది. పారమ్మ జబ్బ రుద్దుకుంటూ లేచి, "నీ మీదకేటైనా వత్తాదా బాబూ?" అని అడిగింది. రాదన్నాను. ఆమె చీటీ చింపి చెత్తబుట్టలో పడేసి, చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మరో పద్నాలుగు మంది వచ్చారు. శశిరేఖ గారు ఫోన్ చేసి పిలిస్తే వెళ్ళి అందరికీ నా నంబరే ఇచ్చాను. ఇలా దాచుకోకుండా కరిచినవాడు మా జిల్లాలో మరొకడు ఉండడు. పై సోమవారానికి వెబ్‌సైట్ హోమ్ పేజీలో కొత్త వరస వెలిసింది: 'కుక్కలు 0. కోతులు 0. కరిచే మనుషులు 1.' దాని పక్కన నా పేరు, నా హోదా. మధ్యాహ్నానికి కమిషనర్ గారి నుంచి మెమో వచ్చింది.

"కార్యాలయ పనివేళలయందు, ముందస్తు సెలవు మంజూరు చేయించుకొనకయే, పదిహేను మంది పౌరులను కరిచియున్నట్లు వెబ్‌సైటు ద్వారా ధ్రువపడినది. సదరు చర్యకు మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను."

మూడు రోజులు అక్కర్లేకపోయింది. అప్పటికప్పుడే జవాబు రాసి, దాలినాయుడు గారి టేబుల్ మీద పెట్టి వచ్చాను.

"అయ్యా, పై అంకె సరికాదు. కుక్కలు సున్నా అని నమోదు చేసిన దినముననే ఊరిలోని అరవై ఒక్క వేల మందిని కరిచియుంటిని. ఆ పని ఒంటరిగా చేయలేదు. తోటివారి వివరములు నింపుటకు గడులు ఖాళీగా ఉన్నవి. కావున తమతో సహా అందరి ఆధార్ నంబర్లు వెంటనే ఇప్పించ ప్రార్థన."